అరవై ఒకటో కార్డు

క్యారీ, నార్త్ కరొలైనా
మార్చి 3, 2024

బావగారికి,

నేను ఫోన్ ఎత్తడం లేదని మీ మేనకోడలు స్మృతితో అన్నారట. నిజమే. మీ గొంతులో ఛాయ గొంతు వినిపిస్తుంది. మాట చివర కొంచెం లాగడం అన్నాచెల్లెళ్లిద్దరికీ ఒకటే. ఆమె పోయి నాలుగు నెలలైంది. అయినా వినలేకపోతున్నాను. అందుకని ఉత్తరం.

ఒక పని గురించి రాస్తున్నాను.

ఛాయ నోటుబుక్కు సంగతి మీకు తెలుసు. సిడ్నీ హాబ్డే అనే నటుడి మీద ఆమె ఇరవై ఏళ్లు రాసుకున్న జాబితా. పాత బ్రిటిష్ హాస్యచిత్రాల్లో జప్తుకొచ్చే అమీనా, స్టేషన్ మాస్టరు, బట్లరు, బ్యాంకు గుమాస్తా, ఇలాంటి వేషాలు వేసినవాడు. ఒక్కో సినిమాలో అరనిమిషం ఉంటాడు. చాలావాటిలో టైటిల్స్‌లో పేరుండదు. కళ్లతో వెతికి పట్టుకోవలసిందే. ఆమె ఒక కార్డు మీద గుర్తు రాసుకుని, తర్వాత నోటుబుక్కులోకి ఎక్కించేది. ఏ సినిమా, ఏ నిమిషం, ఏం చేశాడు. లైబ్రరీలో పనిచేసిన రోజుల్లో పారేసిన కేటలాగు కార్డులు సంచీడు తెచ్చుకుంది, వాటి వెనకవైపు రాసేది.

లీడ్స్‌లో పాత సినిమాల సంఘం ఒకటి ఉంది. ఆ జాబితాను ఆమె పేరుతో చిన్న పుస్తకంగా వేస్తామన్నారు. సెప్టెంబరు నెలాఖరు గడువు. ఒక షరతు పెట్టారు: ప్రతి నమోదూ ఎవరైనా సరిచూసుకునేలా ఉండాలి. ఒకటి తప్పితే మిగతా అన్నిటినీ అనుమానిస్తారు.

అందుకని నేను సరిచూస్తున్నాను. రోజుకి ఒకటి. భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టి, ఆమె రాసిన నిమిషానికి వెళ్తాను. అరనిమిషం ముందు, అరనిమిషం వెనక చూస్తాను. ఉంటే టిక్కు పెడతాను. మొత్తం సినిమా చూడను.

మొదటి యాభై ఒకటీ సరిగ్గా ఉన్నాయి. సెకన్లతో సహా. ఏ వేషంలోనైనా వెళ్లిపోయేముందు టోపీ ఒకసారి తీసి మళ్లీ పెట్టుకుంటాడు. ఎప్పుడూ పక్కన ఒక మనిషి పట్టేంత జాగా వదిలి నిలబడతాడు. ఆమె రాసింది, నేను చూశాను.

యాభై రెండు నుంచి అరవై దాకా తొమ్మిది. వాటిలో అతను లేడు.

ఈ తొమ్మిదీ సంఘం దగ్గర అరువు తెచ్చుకున్న డిస్కుల్లో చూసింది. వాటిని డిసెంబరులో స్మృతి తిరిగి పంపేసింది. అవే సినిమాలు నేను ఇక్కడి యూనివర్సిటీ లైబ్రరీ నుంచి సంపాదించాను. ఆమె రాసిన చోట ఒకదాంట్లో కుక్కా ఇద్దరు పిల్లలూ ఉన్నారు. ఒకదాంట్లో ఖాళీ రోడ్డు. మరొకదాంట్లో ఖాళీ గది, తలుపు పిడి తిరగడం మొదలైంది. నా అరనిమిషం అయిపోయింది. ఆపేశాను. ఆ పిడి మాత్రం మనసులోంచి పోవడం లేదు.

అరవై ఒకటో నంబరుకి సినిమా పేరు ఒక్కటే రాసి ఉంది. నిమిషం లేదు, వివరం లేదు. ఆ కార్డు ఎక్కడుందో తెలియదు. ఆ సినిమా కాపీ అమెరికాలో దొరకలేదు.

మీతో ఆమె వారం వారం మాట్లాడేది. ఈ తొమ్మిది సినిమాల గురించి ఏమైనా చెప్పిందా?

రామమోహన్


నోవై, మిషిగన్
మార్చి 11, 2024

రామమోహన్ బావకి,

నీ ఉత్తరం చూసి మీ అక్కయ్య మొదట భయపడింది. ఈ రోజుల్లో చేతిరాతతో కవరొస్తే కోర్టు నోటీసేమో అనుకుంటారు. ఇక్కడ నిన్న మళ్లీ ఎనిమిది అంగుళాల మంచు పడింది. డ్రైవ్‌వే తవ్వి తవ్వి నడుం పట్టేసింది. పక్కింటి రఘు స్నో బ్లోయర్ తీసుకొచ్చి "అంకుల్, యు సిట్, నేను చేస్తా" అన్నాడు. సిట్ అయ్యాను. డెబ్భై దాటాక ఆత్మాభిమానం కూడా మంచులాంటిదే, ఎవరైనా తోసేస్తే హాయిగా ఉంటుంది.

హాబ్డే పేరు చూడగానే పాత సంగతులన్నీ వచ్చాయి. తొంభై ఐదులో అనుకుంటాను, మీరు క్యారీకి వచ్చిన కొత్తలో, లైబ్రరీ బేస్‌మెంట్‌లో ఉచితంగా పాత సినిమాలు వేసేవాళ్లు. నువ్వు ఆఫీసుకి, అది సినిమాకి. ఓ రోజు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, ఇవాళ ఒకాయన్ని చూశాను. నలభై సెకన్లున్నాడు. వచ్చి, కిటికీ తెరిచి, వెళ్లిపోయాడు. టైటిల్స్ చివరిదాకా కూర్చున్నా, పేరు లేదు."

"డిపెండెంట్ వీసా మీద వచ్చుంటాడు," అన్నాను.

నవ్వింది. నవ్వి వెంటనే ఫోన్ పెట్టేసింది. ఎమ్మే చదివి, పనిచేయడానికి వీల్లేక ఇంట్లో కూర్చున్న పిల్లతో అనదగ్గ మాటా అది? జీవితమంతా కార్లకి బ్రేకులు డిజైన్ చేశాను, నా నోటికి ఒకటి పెట్టుకోలేదు.

ఆ జాగా వదలడం గురించి కూడా అదే చెప్పింది. సినిమాలకి రాకముందు హాబ్డే స్టేజి మీద ఇద్దరి జోడీలో ఒకడట. ఊరూరూ తిరిగి పద్నాలుగేళ్లు ఆడారు. వీడు తిట్లు తినేవాడు, రెండోవాడు తిట్టేవాడు. ఆ తిట్టేవాడు పోయాడు. వీడికి ఒంటరిగా నిలబడడం చేతకాలేదు. టాకీలొచ్చాక చిన్న వేషాల్లోకి వచ్చినా పక్కన వాడి చోటు వదిలి నిలబడేవాడు. కెమెరా వాళ్లు "ఇటు జరుగు, ఫ్రేములో పడటం లేదు" అంటే, ఇంకా పక్కకి జరిగేవాడట. అందుకే పెద్ద వేషం ఇవ్వలేదంటుంది ఛాయ. నాకైతే అర్థమయ్యేది కాదు. ఇప్పుడు కొంచెం అవుతోంది.

జాబితా ఉన్నది ఉన్నట్టు పంపించెయ్యి బావా. ఆ వయసు సినిమాలు నిమిషం పట్టుకుని చూసేవాళ్లు ప్రపంచంలో నలుగురుంటారు. ముగ్గురికి చత్వారం.

ఒంటి సంగతి చూసుకో. నేను జనవరిలో పంపిన ఆ డిస్కు ప్లేయర్, అదే, పోయినేడాది జనవరిలో ఛాయకి పంపింది, బాగానే ఉందా?

నీ
వీరభద్రరావు


క్యారీ
మార్చి 20, 2024

బావగారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను అడిగినదానికి జవాబు లేదు.

ప్లేయర్ ఆమె గదిలోనే ఉంది. నేను ఆ గదిలోకి వెళ్లడం లేదు. హాల్లోంచి దాని ఎర్ర దీపం కనిపిస్తుంది. ఆపలేదు.

తేదీలు రాస్తున్నాను. యాభై ఒకటో నమోదు 2023 జనవరి 20. యాభై రెండోది ఫిబ్రవరి 18. ఆమె కిరాణా షాపు పార్కింగ్‌లో పడిపోయింది ఏప్రిల్ 30. మెదడులో గడ్డ ఉందని ఆసుపత్రిలో చెప్పింది మే 2. గడ్డ కుడివైపు వెనక. అక్కడ ఉంటే లేనివి కనబడతాయని డాక్టరు అన్నాడు. అప్పుడు పట్టించుకోలేదు.

ఫిబ్రవరి నుంచే లేని మనిషి ఆమెకు కనబడుతున్నాడు. అదే రాసింది. అక్షరం ఎక్కడా వణకలేదు. నమ్మకంగా రాసింది. యాభై నాలుగోది చూడండి: "1938. సామాన్లు జప్తు చేసే అమీనా. గడియారం ఎత్తుకుని తలుపు దాకా వెళ్తాడు. ఈ షూటింగు వారంలోనే ఆయన భార్య పోయిందని సంఘం వాళ్లు చెప్పారు. ఇందులో టోపీ తీయలేదు." నేను ఆ నిమిషానికి వెళ్లాను. కుక్క, పిల్లలు.

ఒకే ఇంట్లో ఉన్నాను. నాకు తెలియలేదు.

మీకు తెలుసా?

రామమోహన్


నోవై
ఏప్రిల్ 2, 2024

బావా,

నాలుగు కాగితాలు చించాను. ఇది ఐదోది.

తెలుసు.

పోయినేడాది ఫిబ్రవరి రెండో ఆదివారం. పన్నెండో తారీఖు. మామూలుగానే ఫోన్ చేసింది. చిక్కుడుకాయ కూర గురించి మాట్లాడింది. తర్వాత అంది:

"అన్నయ్యా, ఎడమ పక్కన ఎవరో వచ్చి నిలబడుతున్నారు. తిరిగి చూస్తే లేరు."

"ఎవరో అంటే?"

"హాబ్డేనే అయ్యుంటాడు. నా పక్కన జాగా ఉందని వచ్చాడు."

నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత గిన్నె చేతిలోంచి జారుతోందని చెప్పింది. నవ్వడం ఆపాను. డాక్టరు దగ్గరికి వెళ్లమన్నాను.

"వెళ్తాను. ఇంకా పది సినిమాలున్నాయి. అవయ్యాక."

"పది సినిమాలంటే ఎన్నాళ్లు? రేపు పొద్దున్నే బావకి చెప్పు."

"చెప్తే ఏమవుతుందో నీకు తెలియదా? ఆయన ఎక్సెల్ షీట్ ఓపెన్ చేస్తాడు. ఏ పూట ఏ మాత్ర, ఏ వారం ఏ స్కాన్. నేను పేషెంట్‌ని అయిపోతాను. ఆయన తప్పు కాదు, ప్రేమ అలాగే వస్తుంది ఆయనకి. పది సినిమాలు నన్ను మామూలు మనిషిలా ఉండనీ."

ఒట్టు వేయించుకుంది. నేను వేశాను. ప్రతి ఆదివారం అడిగేవాణ్ని, "వెళ్లావా" అని. "వెళ్తా" అనేది. ఏప్రిల్‌లో ఒకసారి నీ నంబరు నొక్కాను. నువ్వు ఎత్తి "చెప్పండి బావగారూ" అన్నావు. కొత్త కారు కొందామనుకుంటున్నా, ఏది మంచిదని అడిగాను. నువ్వు అరగంట చెప్పావు. గుర్తుందా?

పదకొండు వారాలు. నోట్లో ఏదీ ఆగదని అందరూ నవ్వే మనిషిని. ఒక్కటే ఆపుకున్నాను. అదే ఆపకూడనిది.

ఇంకేం రాయను.

వీరభద్రరావు


క్యారీ
ఏప్రిల్ 9, 2024

వీరభద్రరావు గారికి,

మీ ఉత్తరం అందింది.

ఫిబ్రవరి 12న నేనేం చేశానో చూసుకున్నాను. గరాజ్ సర్దాను. ఛాయ డబ్బాల మీద పేర్లు రాసింది. క్రిస్మస్ లైట్లు. స్మృతి పుస్తకాలు. పాత స్వెట్టర్లు. ఆ డబ్బాలు ఇవాళ వెళ్లి చూశాను. రాత గుండ్రంగా ఉంది. ఎక్కడా వంకర లేదు. మీతో మాట్లాడాకే రాసి ఉంటుంది.

పైన్ పుప్పొడి పడే రోజులు. గరాజ్ తలుపు తీసి ఉంచాను. డబ్బాలన్నీ పచ్చగా అయ్యాయి. తుడవలేదు.

సంఘానికి జాబితా పంపడం లేదు. తప్పులతో ఆమె పేరు అచ్చు కావడం నాకు ఇష్టం లేదు.

మీరిక రాయవద్దు.

రామమోహన్


నోవై
మే 28, 2024

రామమోహన్ గారికి,

రాయవద్దన్నారు. రాస్తున్నాను. ఇది నా గురించి కాదు.

లీడ్స్ సంఘం కార్యదర్శి నాకు మెయిల్ పంపింది. మీకు రెండుసార్లు రాస్తే జవాబు రాలేదట. అరువు కాగితంలో ఛాయ రెండో పేరుగా నాది ఇచ్చిందట. పది డిస్కులు ఇస్తే తొమ్మిదే తిరిగొచ్చాయి. పదోది ఆ అరవై ఒకటో సినిమా. వాళ్ల దగ్గర వేరే కాపీ లేదు.

ఎక్కడుంటుందో నేను చెప్పగలను. ప్లేయర్లోనే ఉంటుంది. ఆ దీపం వెలుగుతోందంటే డిస్కు లోపలే ఉందని అర్థం. ఆ మోడల్ అంతే. ఆ డిస్కులు మన మెషిన్లలో ఆడవంటే, ఏ దేశానివైనా ఆడేది వెతికి కొని పంపింది నేనే.

మీరు ఆ గదిలోకి వెళ్లనక్కర్లేదు. స్మృతి వచ్చినప్పుడు తీయమనండి.

ఆ కార్యదర్శి ఇంకో మాట రాసింది. ఛాయ ఎప్పుడూ తప్పు పంపలేదట. వాళ్ల సంఘంలో అందరికంటే ఆమె కన్నే పదునట. మీకు తెలియాలని రాశాను.

వీరభద్రరావు


క్యారీ
జులై 14, 2024

బావగారికి,

స్మృతి నాలుగో తారీఖు సెలవులకు పిస్కాటవే నుంచి వచ్చింది. నాలుగు రోజులుంది.

శనివారం మధ్యాహ్నం నేను భోజనాల బల్ల దగ్గర యాభై నాలుగో నమోదు మళ్లీ పెట్టుకున్నాను. ఎందుకో తెలియదు. ఆ కుక్క, ఆ పిల్లలు. అంతలో గుమ్మంలో పార్సిల్ వచ్చింది. లేచాను. ఆపడం మరిచిపోయాను. సంతకం పెట్టి తిరిగొస్తుంటే స్మృతి వంటింట్లోంచి పళ్లెం పట్టుకుని వచ్చి తెర ముందు నిలబడి ఉంది.

"నాన్నా, హ్యాట్ అంకుల్."

"ఏమిటి?"

"అమ్మ హ్యాట్ అంకుల్. క్లాక్ తీస్కుని పోతున్నాడు. సో శాడ్. చూడు, హ్యాట్ తియ్యలేదు."

నేను చూసేసరికి తలుపు మూసుకుంటోంది.

"ఎక్కడ్నుంచి వచ్చాడు?"

"వాట్ డు యు మీన్? డోర్ లోంచి వచ్చాడు. నువ్వు పొయ్యాక టూ మినిట్స్‌కి. నువ్వు మొత్తం చూడవా?"

"అరనిమిషం చూస్తాను."

"హాఫ్ మినిటా? నాన్నా, ఎవరైనా మూవీ అలా చూస్తారా?"

వెనక్కి తిప్పి చూశాను. ఉన్నాడు. ఛాయ రాసినట్టే ఉన్నాడు. కాకపోతే ఆమె నలభై ఎనిమిదో నిమిషం అని రాసింది. ఇక్కడ యాభైలో వచ్చాడు.

మిగతా ఎనిమిదీ ఆ పూటే వెతికాము. అన్నిటిలో ఉన్నాడు. అన్నిటిలో ఆలస్యంగా వచ్చాడు. సినిమా మొదట్లో ఉన్న సీనుకి అరనిమిషం ఆలస్యం, చివర్లో ఉన్నదానికి మూడు నిమిషాలు. కాగితం మీద చుక్కలు పెట్టాను. గీత తిన్నగా వచ్చింది.

మీరు మే నెలలో రాసిన వాక్యం గుర్తొచ్చింది. ఆ డిస్కులు మన మెషిన్లలో ఆడవని. సినిమా తీసింది సెకనుకి ఇరవై నాలుగు బొమ్మల లెక్కన. ఇక్కడి కాపీలు అలాగే నడుస్తాయి. బ్రిటన్ డిస్కులు ఇరవై ఐదు లెక్కన నడుస్తాయి. వంద నిమిషాల సినిమా అక్కడ తొంభై ఆరింటికే అయిపోతుంది. మొదటి యాభై ఒకటీ ఆమె ఇక్కడి కాపీల్లో చూసింది, కలిశాయి. తర్వాతివి మీ ప్లేయర్లో చూసింది. ఆమె ఉన్నదే చూసింది. నేను వేరే గడియారం పట్టుకుని కూర్చున్నాను.

మందుల కంపెనీలో పంతొమ్మిదేళ్లు అంకెలు చూశాను. తొమ్మిది తప్పులూ ఒకే వైపుంటే అది తప్పు కాదని, కొలతలో తేడా అని కుర్రవాళ్లకి పాఠం చెప్పాను. మార్చిలో చుక్కలు పెట్టలేదు. ఆమె బుద్ధి చెదిరిందని వెంటనే నమ్మాను.

తలుపు పిడి తిరిగిన సినిమా చివరగా చూశాను. పన్నెండో నిమిషం. నేను ఆపేసిన చోటు నుంచి రెండు సెకన్లు. తలుపు తెరుచుకుని అతను లోపలికి వచ్చాడు. స్మృతి చప్పట్లు కొట్టింది. నేను లేచి వెళ్లి కాసేపు పెరటి డెక్ మీద నిలబడ్డాను.

తప్పుడు ఆధారం చూపించి మిమ్మల్ని అడిగాను. మీరు చెప్పారు. ఆధారం పోయింది. మీరు చెప్పింది మిగిలింది. దాన్ని ఏం చేయాలో నాకింకా తెలియడం లేదు.

ప్లేయర్ తెరవలేదు. స్మృతి తెరుస్తానంది. వద్దన్నాను.

రామమోహన్


నోవై
జులై 24, 2024

బావా,

"బావగారికి" అని చూసి కవరు మీద పేరు మళ్లీ చదువుకున్నాను, నాకేనా అని.

తొమ్మిదీ ఉన్నాయన్న మాట మీ అక్కయ్యకి గట్టిగా చదివి వినిపించాను. "మా ఛాయ కన్ను తప్పదు" అంది. నెలల తరబడి ఈ ఇంట్లో నాతో సరిగ్గా మాట్లాడని మనిషి, ఆ పూట కాఫీ ఇచ్చింది. నేను దాచిన సంగతి దానికీ ఏప్రిల్‌లోనే తెలిసింది. నీకంటే ఎక్కువ కోప్పడింది. నువ్వు రాయవద్దన్నావు, అది ఎదురుగా ఉండి మాట్లాడలేదు. ఏది నయమో చెప్పలేను.

కానీ బావా, నా సంగతి ఇరవై నాలుగు, ఇరవై ఐదు లెక్కతో పోయేది కాదు. జాబితాలో ఛాయ తప్పు చూడలేదు, సరే. ఇంట్లో మాత్రం ఎడమ పక్కన ఎవరినో చూసింది. నాకు చెప్పింది. నేను నీకు చెప్పలేదు.

ఒక్కటి అడుగుతాను. అడగడానికి నాకు హక్కు లేదు. ఆ పదకొండు వారాలు ముందుగా వెళ్లుంటే? నేను ఇంటర్నెట్‌లో చదవడం మానేశాను. ఒకచోట బతికి ఉండేది అంటారు, ఒకచోట ఉండేది కాదు అంటారు. నువ్వు డాక్టర్ని అడిగే ఉంటావు. అడగకుండా ఉండే మనిషివి కావు. ఏమన్నాడు?

ఏదైనా సరే చెప్పు. పొద్దున లేచి డ్రైవ్‌వే దాకా నడుస్తాను. పోస్టుబాక్సు తెరుస్తాను. ఇప్పుడు మంచు కూడా లేదు తవ్వుకోవడానికి.

వీరభద్రరావు


క్యారీ
సెప్టెంబర్ 8, 2024

బావగారికి,

ముందు మీరు అడిగినది.

అడిగాను. పోయినేడాది మే నెలలోనే, మొదటి వారంలో. చలికాలంలోనే వచ్చి ఉంటే ఏమయ్యేదని. డాక్టరు సూటిగా చెప్పాడు. ఈ రకం గడ్డకి రెండు మూడు నెలలు లెక్కలోకి రావు. మందులు ముందే మొదలయ్యేవి, ఆ చలికాలం ఆసుపత్రిలో గడిచేది, ముగింపు దాదాపు ఆ రోజుల్లోనే వచ్చేది. రెండోసారి అడిగాను. అదే చెప్పాడు.

ఏప్రిల్‌లో మీకు ఆ ఉత్తరం రాసేటప్పుడు ఇది నాకు తెలుసు. రాయలేదు. మీకు తెలియకూడదనుకున్నాను. జులైలో కూడా రాయలేదు. మీరు పదకొండు వారాలు దాచారు. నేను అయిదు నెలలు దాచాను. మీది ఆమె అడిగితే. నాది ఎవరూ అడగలేదు.

ఇంకొకటి. ఎక్సెల్ షీట్ గురించి ఆమె చెప్పింది నిజం. మే 2 సాయంత్రమే తెరిచాను. ఇంకా ఉంది. మూడు వందల పది వరుసలు.

జాబితా పంపించాను. అరవై నమోదులు. చివరి తొమ్మిదింటికీ రెండు గడియారాల నిమిషాలూ వేశాను. పుస్తకం డిసెంబరులో వస్తుంది. అట్ట మీద పేరు ఛాయాదేవి. మీ చిరునామాకి రెండు కాపీలు చెప్పాను.

డిస్కు కూడా పంపించాను. అంటే గదిలోకి వెళ్లాను.

పోయిన ఆదివారం పొద్దున వెళ్లాను. ఆమె కుర్చీలో కూర్చోలేదు, పక్కన స్టూలు వేసుకున్నాను. టీవీ పెట్టాను. డిస్కు మొదటి నుంచి మొదలవుతుందనుకున్నాను. మీ మెషిన్ ఎక్కడ ఆపితే అక్కడినుంచే మొదలుపెడుతుంది. ముప్పై ఒకటో నిమిషం. రైలు పెట్టెలో నలుగురు మాట్లాడుకుంటున్నారు, ఒకతను మాట మధ్యలో నోరు తెరిచి ఉన్నాడు. దాదాపు పదకొండు నెలలుగా అలాగే తెరిచి ఉన్నాడు. మాట పూర్తి చేశాడు. అందరూ నవ్వారు.

వెనక్కి తిప్పి మొదటి నుంచి చివరిదాకా చూశాను. ఆమె ఇరవై ఏళ్ల జాబితాలో నేను పూర్తిగా చూసిన మొదటి సినిమా. మధ్యలో రెండుసార్లు నవ్వాను కూడా. హాబ్డే లేడు. మళ్లీ చూశాను. ప్లాట్‌ఫారం మీద జనంలో, కిటికీల వెనక, అంతటా వెతికాను. గడియారం తేడా ఏమీ లేదు, అదే డిస్కు, అదే మెషిన్. అతను ఆ సినిమాలో లేడు.

మార్చిలో నమ్మినదే మళ్లీ నమ్మబోయాను. ఒకటైనా తప్పు చూసింది అనుకున్నాను. చూస్తున్నంతసేపూ నాకూ ఎడమ పక్క తలుపు దగ్గర ఎవరో ఉన్నట్టే ఉంది. తిరిగి చూడలేదు.

డిస్కు పెట్టె ప్లేయర్ కింది అరలో ఉంది. తెరిస్తే అందులో కార్డు ఉంది. నోటుబుక్కులోకి ఎక్కించనిది. తేదీ అక్టోబర్ 8. ఆ వారం తర్వాత ఆమె ఆ గదిలోకి నడిచి వెళ్లలేదు. రాత వంకరగా ఉంది, కాని చదవగలిగాను. మీకు మాట పొల్లుపోకుండా రాస్తున్నాను.

"61. ముప్పై ఒకటో నిమిషం. ఎడమ తలుపు. నీలం స్వెట్టరు, పై గుండీ లేదు. చేతిలో స్టీలు గ్లాసు, మజ్జిగ. మాట లేదు. సీను అయ్యేదాకా నిలబడ్డాడు. తిరిగి చూశాను. ఉన్నాడు."

ఆ రోజు నాకు గుర్తుంది. పదకొండింటి మాత్రకి మజ్జిగ తీసుకెళ్లాను. రైలు పెట్టె సీను నడుస్తోంది. అడ్డం రాకూడదని తలుపు దగ్గరే ఆగాను. ఆమె తల తిప్పి నా వైపు చాలాసేపు చూసింది. రిమోట్ తీసుకుని ఆపింది. "ఏమిటి?" అన్నాను. "ఏం లేదు," అంది. గ్లాసు అందుకుంది. నేను షీటులో టిక్కు పెట్టుకోవడానికి వెళ్లిపోయాను.

ఆ కార్డు సంఘానికి పంపలేదు. వాళ్లకి అరవయ్యే.

ఆకులు రాలకముందే మీరూ అక్కయ్యగారూ రండి. ఆ గదిలో పరుపు వేయించాను. తొమ్మిది సినిమాలున్నాయి, మొత్తం చూద్దాం. ఫోన్ చేస్తే ఎత్తుతాను.

రామమోహన్

తా.క. నా స్వెట్టరు గుండీ కార్డుల డబ్బాలో దొరికింది. సూదికి దారం ఎక్కించి, దారం చుట్టి, పక్కన పెట్టి ఉంది. అలాగే ఉంచాను.